పాడి మేకకు ఖనిజ లవణాలు: డబ్బా మీది లెక్క, తొట్టిలోని లెక్క

లీటరు మేకపాలలో సుమారు 1.3 గ్రాముల కాల్షియం, గ్రాముకు కాస్త అటూఇటుగా భాస్వరం ఉంటాయి. అంటే రోజుకు రెండు లీటర్లు ఇచ్చే మేక ఒంట్లోంచి ఒక్క కాల్షియమే రెండున్నర గ్రాములకు పైగా ప్రతిరోజూ పాలచెంబులోకి వెళ్లిపోతుంది. తిన్న మేతలోని కాల్షియం అంతా రక్తంలోకి చేరదు, సగం కంటే తక్కువే చేరుతుంది కాబట్టి ఆ రెండున్నర గ్రాములు పాలలోకి రావాలంటే మేతలో దాదాపు ఆరు గ్రాములు ఉండాలి. శరీర పోషణకు మరో రెండున్నర, మూడు గ్రాములు కలిపితే, 40 కిలోల బరువుండి రెండు లీటర్ల పాలిచ్చే మేకకు రోజుకు ఎనిమిది, తొమ్మిది గ్రాముల కాల్షియం, ఐదారు గ్రాముల భాస్వరం అవసరం. ఖనిజ లవణ మిశ్రమం గురించిన ఏ చర్చయినా ఈ అంకెల దగ్గర మొదలు కావలసింది, మందుల దుకాణం దగ్గర మొదలవుతోంది. పాలు తగ్గితే మిశ్రమం, ఎదకు రాకపోతే మిశ్రమం, వెంట్రుకలు రాలితే మిశ్రమం అన్నట్టుగా దాన్ని టానిక్కులా వాడుతున్నారు. మేక ఏమి తింటోందన్న ప్రశ్న మాత్రం చాలా చోట్ల ఎవరూ అడగరు.

తెలుగు పల్లెల్లో ఈ ప్రశ్న పాతకాలంలో అంతగా అవసరం పడలేదు. మేక స్వభావం ఆకులు, చిగుళ్లు, కాయలు ఏరుకుని తినడం. తుమ్మకాయలు, రేగు కంప, వేపమండ, పొలం గట్ల మీద పెరిగే నానా రకాల తీగలు రోజంతా తిరిగి తినే పశువుకు ఒక మొక్కలో లేనిది మరో మొక్కలో దొరుకుతుంది. పైగా ఆ మేక ఇచ్చే పాలు కూడా పిల్లకు పోను పావు లీటరో, అర లీటరో. పరిస్థితి మారింది ఎత్తైన పలకల షెడ్లు వచ్చాక. పంజాబు నుంచి బీటల్, యమునా, చంబల్ నదుల మధ్య ప్రాంతం నుంచి జమునాపారి మేకలను కొనితెచ్చి, వాటిని గడప దాటనివ్వకుండా కోసి తెచ్చిన మేతతో పెంచడం మొదలైంది. పాలు పెరిగాయి, మేతలో రకాలు తగ్గాయి. లోపాలు బయటపడేది ఈ రెండూ కలిసిన చోటే.

రెండు షెడ్లను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి షెడ్డులో మేకకు రోజుకు మూడు కిలోల సూపర్ నేపియర్ పచ్చిగడ్డి, అర కిలోకు కాస్త తక్కువ జొన్న చొప్ప, 400 గ్రాముల తవుడు, 200 గ్రాముల వేరుశనగ చెక్క వేస్తున్నారనుకుందాం. మేతల విశ్లేషణ పట్టికల్లోని సగటు విలువలతో లెక్క కడితే ఇందులో కాల్షియం సుమారు నాలుగున్నర గ్రాములు, భాస్వరం తొమ్మిది గ్రాములకు దగ్గరగా వస్తాయి. కాల్షియం అవసరంలో సగం మాత్రమే ఉంది, భాస్వరం అవసరానికి మించి ఉంది. కారణం తవుడే. తవుడులో భాస్వరం ఒకటిన్నర శాతం దాకా ఉంటే కాల్షియం అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మేతలో కాల్షియం భాస్వరం కంటే కొంత ఎక్కువగా, వీలైతే రెండింతలుగా ఉండాలన్నది పశుపోషణలో స్థిరపడిన సూత్రం. ఈ తొట్టిలో ఆ నిష్పత్తి పూర్తిగా తలకిందులైంది.

రెండో షెడ్డులో సుబాబుల్, అవిశ, మునగ వంటి చెట్ల రొట్ట రెండున్నర కిలోలు, అర కిలో జొన్న చొప్ప, 300 గ్రాముల మొక్కజొన్న వేస్తున్నారనుకుందాం. చెట్ల ఆకుల్లో కాల్షియం దండిగా ఉంటుంది, భాస్వరం పిసరంత. ఇక్కడ కాల్షియం 15 గ్రాములు దాటుతుంది, భాస్వరం మూడు గ్రాముల దగ్గర ఆగిపోతుంది. మొదటి షెడ్డుకు సరిగ్గా వ్యతిరేకం.

ఇప్పుడు ఈ రెండు షెడ్లకూ ఒకే డబ్బాలోని ఖనిజ లవణ మిశ్రమం రోజుకు పది గ్రాముల చొప్పున ఇస్తే ఏమవుతుంది? భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశం ప్రకారం ఉప్పు కలపని మిశ్రమంలో కాల్షియం కనీసం 20 శాతం, భాస్వరం కనీసం 12 శాతం ఉండాలి. అంటే పది గ్రాముల్లో రెండు గ్రాముల కాల్షియం, 1.2 గ్రాముల భాస్వరం. మొదటి షెడ్డులో కాల్షియం లోటు సగమే తీరుతుంది, అక్కరలేని భాస్వరం మరికాస్త చేరుతుంది. అక్కడ నిజంగా కావలసింది మేతలో కలిపే సున్నపురాయి పొడి పది గ్రాములు. అందులో కాల్షియం 38 శాతం దాకా ఉంటుంది, ధర కూడా మిశ్రమంతో పోలిస్తే నామమాత్రం. రెండో షెడ్డులో కాల్షియం దండగ, భాస్వరం లోటు సగమే తీరుతుంది. అక్కడ మొక్కజొన్నలో సగం తగ్గించి 200 గ్రాముల తవుడు కలిపితే ఏ డబ్బా అవసరం లేకుండానే భాస్వరం సర్దుకుంటుంది. మొదటి తొట్టిని చెడగొట్టిన తవుడే రెండో తొట్టిని బాగు చేస్తుందన్నమాట. మిశ్రమం వల్ల ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. రాగి, జింకు, అయోడిన్, కోబాల్టు వంటి సూక్ష్మ ఖనిజాలకు అది ఎంతో ఉపయోగం. గ్రాముల్లో కావలసిన వాటిని మేతతోనే సరిచేసుకుని, మిల్లీగ్రాముల్లో కావలసిన వాటికి మిశ్రమం మీద ఆధారపడడం సరైన పద్ధతి.

సున్నం మాట వచ్చింది కాబట్టి సున్నపు తేట సంగతి కూడా చూడాలి. కాల్షియం కోసం పశువులకు సున్నపు తేట తాగించడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. సున్నం నీళ్లలో చాలా కొద్దిగానే కరుగుతుంది. లీటరు తేటలో కరిగి ఉండే కాల్షియం గ్రాముకు లోపే. గ్లాసెడు తేట తాగిస్తే మేకకు అందేది గ్రాములో పదో వంతు నుంచి ఐదో వంతు. రెండు లీటర్ల పాలు ఇచ్చే మేకకు అది ఆవగింజంత సాయం. అడుగున పేరుకున్న సున్నం కూడా కలిపి పోస్తే కాల్షియం ఎక్కువ అందుతుంది గానీ నోరు, గొంతు ఒరుసుకుపోతాయి. కోడిగుడ్డు పెంకులను బాగా ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి దాణాలో కలపడం అంతకంటే మేలు. ఐదు గ్రాముల పెంకు పొడిలో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది.

కాల్షియం లోటు అన్నిసార్లూ మేతలో లోటు వల్లనే రాదు. ఈనిన తొలి వారాల్లో బాగా పాలిచ్చే ఏ మేకా మేతతోనే లెక్క సరిపెట్టుకోలేదు. అది ఎముకల్లోని కాల్షియాన్ని అప్పు తెచ్చుకుని పాలలోకి పంపుతుంది, పాలు తగ్గిన తర్వాతి నెలల్లో మేతలోంచి ఆ అప్పు తీర్చుకుంటుంది. ఇది సహజమైన ఏర్పాటు. ఎముకల నుంచి కాల్షియం విడుదల కావలసిన వేగంతో కానప్పుడు రక్తంలో దాని మట్టం హఠాత్తుగా పడిపోయి పాల జ్వరం వస్తుంది. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు కాలదు, చెవులు, కాళ్లు చల్లబడతాయి. మేక తూలుతుంది, మేత ముట్టదు, కడుపు కాస్త ఉబ్బుతుంది, చివరికి మెడ పక్కకు తిప్పుకుని పడుకుండిపోతుంది. ఆవుల్లో ఇది ఎక్కువగా ఈనిన ఒకటి రెండు రోజుల్లో వస్తే, మేకల్లో ఈనడానికి ముందు కూడా, ముఖ్యంగా కడుపులో రెండు మూడు పిల్లలున్నప్పుడు రావచ్చు. చూడి చివరి వారాల్లో శక్తి చాలక వచ్చే మరో జబ్బు కూడా దాదాపు ఇలాగే కనిపిస్తుంది, దానికి చికిత్స వేరు. కాల్షియం ఇంజెక్షను పశువైద్యుడి చేతుల మీదుగానే పడాలి, ఎందుకంటే రక్తనాళంలోకి తొందరగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది.

భాస్వరం ఎక్కువైతే పాడి మేకకు వెంటనే కనిపించే నష్టం ఉండకపోవచ్చు. నష్టపోయేది పక్క గదిలోని మేకపోతు. పాడి మేకల దాణానే పోతులకు, విత్తులు తీసిన మగ పిల్లలకు కూడా వేయడం షెడ్లలో మామూలు. తవుడు ఎక్కువైన దాణాతో మూత్రంలో ఫాస్ఫేట్ రాళ్లు పడతాయి. మగ మేక మూత్రనాళం సన్నగా, మెలిక తిరిగి ఉంటుంది, దాని కొసన దారంలాంటి భాగం ఉంటుంది. చిన్న ఇసుక రేణువంత రాయి అక్కడ అడ్డుపడితే చాలు, మూత్రం ఆగి, సకాలంలో చికిత్స అందకపోతే మూత్రాశయం పగిలి చనిపోతుంది. మూత్రానికి ముక్కుతూ, తోక ఆడిస్తూ, చుక్కలు చుక్కలుగా పోస్తున్న పోతును చూసి అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టించి ఒక రోజు పోగొట్టుకోవడం తరచూ జరుగుతుంది. మగ మేకల మేతలో కాల్షియం భాస్వరానికి రెండింతలు ఉండాలన్న నియమం వాటి విషయంలో ప్రాణావసరం. మంచి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం, కొంచెం ఉప్పు పెట్టి నీళ్లు ఎక్కువ తాగేలా చేయడం కూడా అంతే ముఖ్యం.

సూక్ష్మ ఖనిజాల్లో మేకకు సంబంధించి అన్నిటికంటే చిక్కైనది రాగి. పశువుల శాస్త్రంలో గొర్రెను, మేకను ఒకే గాటన కట్టే అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపడంలో చాలా బలహీనం. మేతలో కిలో ఎండు పదార్థానికి (నీరు పోను మిగిలే మేత బరువుకు) 15 మిల్లీగ్రాములు దాటితేనే దానికి ముప్పు మొదలవుతుంది. పాడి మేకకు అవసరమే 15 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంతకు రెండింతలకు పైగా తట్టుకోగలదు. రోజుకు 1.6 కిలోల ఎండు పదార్థం తినే మేకకు ఈ లెక్కన 24 మిల్లీగ్రాముల రాగి కావాలి. మామూలు మేతల్లో పది, పన్నెండు మిల్లీగ్రాములు దొరుకుతుంది. ప్రమాణాలకు తగిన పశువుల మిశ్రమం పది గ్రాముల్లో మరో పది మిల్లీగ్రాములు వస్తుంది. గొర్రెల కోసం రాగి కలపకుండా తయారు చేసిన మిశ్రమాన్ని మేకలకు వాడితే ఈ పది రావు. నల్ల మేక వెంట్రుకలు ఎర్రబారి, గరుకుగా మారడం, రక్తహీనత, ఎదకు రాకపోవడం దీని ఫలితాలు. మరీ దారుణమైన ఫలితం పిల్లల్లో కనిపిస్తుంది. చూడి మేకకు రాగి అందకపోతే కడుపులోని పిల్ల వెన్నుపాములో నరాల పైపొర సరిగా ఏర్పడక, పుట్టిన పిల్ల వెనక కాళ్లు ఈడుస్తూ, పడిపోతూ నడుస్తుంది. గొర్రెపిల్లల్లో ఈ జబ్బుకు రాగి లోపమే కారణమని పశ్చిమ ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు బెనెట్స్, చాప్‌మన్ 1937లో తేల్చారు.

తెలుగు జిల్లాల్లో చాలా మందల్లో గొర్రెలూ మేకలూ కలిసే ఉంటాయి. మేకల కోసం రాగి ఉన్న మిశ్రమాన్ని దాణాలో కలిపి అందరికీ కలిపి పోస్తే, గొర్రెల కాలేయంలో నెలల తరబడి రాగి పేరుకుని, ఒక రోజు ఏదో చిన్న ఒత్తిడికి రక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. కళ్లు పచ్చబడి, మూత్రం నల్లబడి రెండు మూడు రోజుల్లో గొర్రె చనిపోతుంది. ఇటువంటి మందల్లో మేకలకు విడిగా, పాలు పిండే వేళ మనిషి చేతి మీదుగా మిశ్రమం పెట్టడం తప్ప దారి లేదు.

రాగి విషయంలో మరో ముడి మాలిబ్డినం అనే ఇంకో సూక్ష్మ ఖనిజం. మాలిబ్డినం, గంధకం కలిసి పశువు పెద్ద పొట్టలో రాగిని పట్టి బంధించి, ఒంటికి అందకుండా చేస్తాయి. నీళ్లలో, నేలలో ఇనుము ఎక్కువైనా అదే పని చేస్తుంది. ఈ సంగతికి తెలుగు నేలతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. నల్లగొండ ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మనుషుల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని పరిశీలించిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువగా ఉన్నట్టు 1970లలోనే గుర్తించారు. జొన్న గింజ మనిషికి వెళ్తే జొన్న చొప్ప పశువుకు వెళ్తుంది. అలాంటి చోట మేతలో రాగి ఎన్ని మిల్లీగ్రాములు ఉందన్న లెక్క ఒక్కటే చాలదు, అందులో ఎంత దక్కుతుందన్నది కూడా చూడాలి. అదే ప్రాంతాల్లో జాగ్రత్త పడవలసిన మరో విషయం మిశ్రమంలోని ఫ్లోరిన్. చౌకగా భాస్వరం చేర్చడానికి శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్ వాడిన మిశ్రమాల్లో ఫ్లోరిన్ ఎక్కువ ఉంటుంది. ప్రమాణాల సంస్థ ఫ్లోరిన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది అందుకే. బోరు నీళ్లలోనే ఫ్లోరిన్ తాగుతున్న మేకకు దాణాలో కూడా అదే కలిపితే పళ్లు గారపట్టి, అరిగి, కీళ్లు పట్టేస్తాయి. ఈ జిల్లాల్లో చీటీ లేని విడి పొడి కొనడం కంటే ఏమీ పెట్టకపోవడం నయం.

అయోడిన్ లోపాన్ని గుర్తించడంలో పొరపాట్లు మరీ ఎక్కువ, ఎందుకంటే మేకకు గొంతు దగ్గర వాపు రావడానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి. పుట్టుకతోనే గొంతు పైభాగాన గట్టి గడ్డలా ఉండి, పిల్ల బలహీనంగా, వెంట్రుకలు పలచగా ఉంటే అది అయోడిన్ లోపం వల్ల పెరిగిన థైరాయిడ్ గ్రంథి. బాగా పాలు తాగి బొద్దుగా, చురుగ్గా ఉన్న పిల్లకు వారాల వయసులో గొంతు కింద మెత్తటి ఉబ్బు వస్తే అది థైమస్ గ్రంథి, జబ్బు కాదు, పిల్ల పెరిగే కొద్దీ దానంతటదే పోతుంది. పెద్ద మేకకు దవడ కింద నీరు దిగి, మేసి వచ్చిన సాయంత్రానికి పెరిగి, తెల్లవారేసరికి తగ్గితే అది నట్టల వల్ల రక్తం తగ్గిపోవడం. ఈ మూడింటికీ ఒకే పొడి వాడితే మొదటి దానికి తప్ప ప్రయోజనం లేదు. ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు పది గ్రాముల్లో దొరికేది 0.15 నుంచి 0.3 మిల్లీగ్రాముల వరకే, పాడి మేక అవసరం రోజుకు ఒక మిల్లీగ్రాముకు పైనే. మిశ్రమం పెడితే ఈ లోటు సులువుగా తీరుతుంది. సుబాబుల్ మీదే ఎక్కువగా బతికే మందల్లో సంగతి వేరు. ఆ ఆకులోని మైమోసిన్ అనే విషపదార్థం పొట్టలో విడిపోయి థైరాయిడ్ పనికి అడ్డు తగులుతుంది, వెంట్రుకలు రాలతాయి. హవాయిలో మేకలు అదే ఆకు తిని ఏమీ కాకుండా ఉండడం చూసి, వాటి పొట్టలో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవి ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ 1980లలో నిరూపించాడు. మన మేకలన్నిటికీ ఆ రక్షణ ఉందని ధీమా పడకుండా, పచ్చిమేతలో సుబాబుల్‌ను మూడో వంతుకు మించనీయకపోవడం క్షేమం.

షెడ్డులో ఖనిజ లవణ ఇటుక వేలాడదీస్తే మేకే తనకు కావలసినంత నాకుతుందన్న నమ్మకం సగమే నిజం. మేకకు ఉప్పు అవసరం తెలుస్తుంది. ఉప్పు చాలకపోతే గోడలు, తోటి మేకల ఒళ్లు, మూత్రం తడిసిన పలకలు నాకుతుంది. రాగి, జింకు, కాల్షియం చాలడం లేదని దానికి అలా తెలియదు. ఇటుకలోని ఉప్పు కోసం నాకుతుంటే మిగతావి కూడా లోపలికి వెళ్తాయి, అంతే. పైగా మందలో పెత్తనం చేసే మేక ఇటుకను వదలదు, బెదురు మేకకు అది అందదు. భాస్వరం లోపంలో పశువు ఎముకలు, తోలు, ప్లాస్టిక్ నమలడం మరో సంగతి. దక్షిణాఫ్రికా బయళ్లలో పశువులు చచ్చిన వాటి ఎముకలు నమిలి, వాటిలోని బొటులిజం విషంతో కుప్పకూలిపోవడానికి మూలం నేలలో భాస్వరం లేకపోవడమేనని పశువైద్య శాస్త్రవేత్త ఆర్నాల్డ్ థైలర్ బృందం 1920ల నాటికి తేల్చింది. సంచి ముక్క నములుతున్న ప్రతి మేకకూ భాస్వరం లోపం ఉందనడానికి వీల్లేదు, మేకకు నమిలి చూడడం సరదా కూడా.

సెలీనియం గురించి ఒక్క మాట చాలు. విదేశీ వీడియోల్లో చెప్పే సెలీనియం ఇంజెక్షన్లు ఆ ఖనిజం లేని అక్కడి నేలలకు సంబంధించినవి. మన దేశంలోనే పంజాబులోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లో నేలలో సెలీనియం ఎక్కువై పశువులకు జబ్బులు వస్తాయి. అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువైన ఈ ఖనిజాన్ని పరీక్ష లేకుండా వాడకూడదు.

కంటి లోపలి పొర పాలిపోయిన మేకకు ఇనుము, రాగి టానిక్కులు పట్టించే ముందు పేడ పరీక్ష చేయించాలి. తెలుగు జిల్లాల వాతావరణంలో, ముఖ్యంగా వానలు పడ్డాక, మేక రక్తం తగ్గడానికి మొదటి అనుమానితులు రక్తం పీల్చే నట్టలే. నట్టలు ఉండగా పెట్టిన ఖనిజాలు చిల్లుకుండలో నీళ్లు.

మిశ్రమం ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఒక్కో ఖనిజం పనిచేసే వేగంలోనే ఉంది. ఉప్పు చాలక మేత తగ్గించిన మేక ఉప్పు పెట్టిన కొద్ది రోజుల్లోనే మళ్లీ తింటుంది. రక్తనాళంలోకి ఎక్కించిన కాల్షియం నిమిషాల్లో పని చేస్తుంది. రాగి లోటు తీరాక కొత్త వెంట్రుక నల్లగా రావడానికి నెలలు పడుతుంది. మిశ్రమం వల్ల పాలు పెరగలేదని వారం రోజులకే డబ్బా పక్కన పెట్టేయడం, మరో కంపెనీ డబ్బా కొనడం ఈ తేడా తెలియకనే. అన్నిటికంటే పెద్ద నష్టం ఒట్టిపోయిన మేక దగ్గర జరుగుతోంది. పాలిచ్చే మేకకే దాణా, దాణాలోనే మిశ్రమం అన్న పద్ధతిలో, పాలు ఆపేసిన చూడి మేక రెండింటికీ దూరమై ఎండుగడ్డి మీద మిగిలిపోతుంది. అయిదు నెలల చూడిలో పిల్ల ఎముకలు గట్టిపడేది, నరాల పైపొరలు ఏర్పడేది ఎక్కువగా ఆ చివరి రెండు నెలల్లోనే. రోజుకు 200 గ్రాముల దాణాలో పది గ్రాముల మిశ్రమం కలిపి పెట్టడానికి ఆ రెండు నెలల్లో అయ్యే మిశ్రమం కిలోలోపే. అది పెట్టకపోతే వెనక కాళ్లు ఈడ్చే పిల్ల పుట్టవచ్చు, పుట్టాక దానికి ఎంత రాగి పట్టించినా చెడిన వెన్నుపాము తిరిగి ఏర్పడదు.